మూడో ఫ్లోరులో బామ్మగారి కుర్చీ

మూడో ఫ్లోరు పేరెత్తితే ఆ స్టూడియోలో కుక్కలు సైతం తోక ముడిచేవి. అతిశయోక్తి అనుకోకండి. పగలంతా ఆ షూటింగు షెడ్డు గుమ్మంలోనే దొర్లుతూ, బిస్కట్ల కోసం వచ్చేపోయేవాళ్ళ కాళ్ళకు అడ్డంపడే కుక్కలు, పొద్దుగూకేసరికి మూటాముల్లె సర్దుకున్నట్టు గేటు దాటి అవతలి సందులోకి కాపురం మార్చేసేవి.

రాత్రి ప్యాకప్ చెప్పి తలుపులు మూసేశాక, లోపల కుర్చీ జరిగిన చప్పుడు. ఎవరో చేతికర్ర ఆనించుకుంటూ నడిచిన చప్పుడు. ఆగి... మళ్ళీ మొదట్నుంచీ అదే నడక. పొద్దున తలుపు తీసి చూస్తే, నిన్న గోడవైపున్న కుర్చీ కిటికీవైపు తిరిగి ఉండేది.

ఎవరి కథ వాళ్ళది. ఏనాడో పైనుంచి జారిపడ్డ లైట్‌మ్యాన్ అన్నారు లైట్ల వాళ్ళు. ఫ్లోరు కట్టకముందు అక్కడో పాడుబావి ఉండేదన్నారు వడ్రంగులు. కాపలా తాతైతే కళ్ళారా చూశానన్నాడు. తాటిచెట్టంత పొడుగట, తల పైలైట్లకు తగులుతుంటే వంగి నడుస్తోందట.

“చూసి ఏం చేశావ్ తాతా?”

“ఏం చేస్తాను, పలకరించాను. అది పలకలేదు. మర్యాద తెలీని దెయ్యం!”

అసలాయన రాత్రిపూట ఆ తలుపు ఛాయలకు కూడా పోలేదని కుక్కలకు తెలుసు.

చిత్రమేమిటంటే, దెయ్యం పట్టిన ఆ ఇల్లు ఇల్లే కాదు. మూడు గోడల సెట్టు. నాలుగో గోడ ఉండాల్సిన చోట కెమెరా ఉంటుంది, చూరు ఉండాల్సిన చోట లైట్లు వేలాడతాయి. మెట్లు పైకి పోతాయి, పైన గది లేదు. కుళాయి ఉంది, నీళ్ళు రావు. ఆ ఇంట్లో ఎవరూ పుట్టలేదు, ఎవరూ చావలేదు, ఒక్క పూట పొయ్యి వెలిగించిన పాపాన పోలేదు. అలాంటి ఇంటికి దెయ్యం ఎక్కడ దొరికిందయ్యా అంటే... అదే చెప్తున్నా, వినండి.

అక్కడ తీసేది ఒక సీరియలు. సంవత్సరాల తరబడి నడిచిన సీరియలు. ఆ యూనిట్టు కూడా ఆషామాషీది కాదు. కెమెరామ్యాన్ అగ్గిపుల్ల వెలుగులో అమావాస్యను పున్నమి చేసి చూపించేవాడు. లైట్ల మేస్త్రీ కళ్ళకు గంతలు కట్టినా, చెంపకు తగిలిన వేడిని బట్టి ఏ దీపం ఎంత దూరంలో ఉందో చెప్పేవాడు. మేకప్ ఆయన చెయ్యి పడితే ఎనభై ఏళ్ళ ముఖానికి పెళ్ళిసంబంధాలు వచ్చేవి. సౌండ్ రికార్డిస్టుకి పక్కవాడి కడుపులో ఆకలి కూడా వినపడేది — “ఎవర్రా అది, పొట్ట కట్టుకో, టేకు పోతోంది!” అని అరిచేవాడు.

వీళ్ళందరినీ తలదన్నింది ఒక అమ్మాయి. అమ్మాయంటే నలభై దగ్గరపడ్డ మనిషే. ఆమె పని కంటిన్యూటీ. సీనుని ముక్కలు ముక్కలుగా తీస్తారు కదా, మొదటి ముక్కలో కొంగు ఏ భుజం మీదుంది, గ్లాసులో టీ ఎంతుంది, కర్టెను ఎన్ని మడతలు పడింది, అన్నీ రెండో ముక్కలో కూడా అలాగే ఉన్నాయో లేదో చూసుకోవడం. అందరూ ఆమెను ‘కంటిన్యూటీ’ అనే పిలిచేవాళ్ళు. ఒక్కసారి చూసిందంటే గదిలో ఈగ ఏ గోడ మీద వాలిందో వారం తర్వాత కూడా చెప్పేది. ఆ ఈగ దొరక్కపోతే ఇంకో ఈగను తెచ్చి అక్కడే కూర్చోబెట్టేంత మనిషి!

సీరియల్లో బామ్మ వేషం వేసేది ఎవరనుకున్నారు? కంటిన్యూటీ కన్నతల్లి. ఇంట్లో అమ్మ కూతుర్ని దిద్దితే, ఫ్లోరులో కూతురు అమ్మను దిద్దేది.

“అమ్మా, శాలువా ఎడం భుజం మీద కదా.”

“నా భుజాలు నాకు తెలుసే.”

“తెలిస్తే మార్చు మరి.”

యూనిట్టంతా నవ్వేది. బామ్మగారూ నవ్వేది. ఈ మధ్య మాత్రం నవ్వడం తగ్గించింది.

ఆ రోజు తీసిన సీనులో బామ్మ కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, టీ తాగి గ్లాసు పక్కన పెట్టి, ఎదురుగా ఉన్న కోడలికి ఇంటి పెత్తనం అప్పజెప్పాలి. రిహార్సల్లో గ్లాసు బల్ల మీద పెట్టింది. టేకులో కిటికీ గట్టు మీద పెట్టింది.

“అమ్మా, గ్లాసు బల్ల మీద కదా! మళ్ళీ చేద్దాం.”

బామ్మగారు కూతురివైపు చూసింది. రెండో టేకులో గ్లాసు బల్ల మీద పెట్టింది.

బామ్మ ముఖం మీద తీయాల్సిన ముక్క అయిపోయింది. కోడలి ముఖం మీద, అంటే బామ్మ వీపు వెనకనుంచి తీయాల్సిన ముక్క మర్నాటికి వాయిదా పడింది. బామ్మగారు మేకప్ గదిలోకి వెళ్ళి అద్దం ముందు కూర్చుంది. దూదితో ఒక చెంప తుడుచుకుంది. రెండో చెంప తుడుచుకోకుండానే పోయింది. గుండె.

కర్మలన్నీ అయిన మర్నాడే కంటిన్యూటీ పనిలోకి వచ్చింది. ఏడుస్తుందేమోనని అందరూ కాచుకుని కూర్చున్నారు. ఏడవలేదు. పెట్టింది తింది. అడిగినదానికి జవాబు చెప్పింది. పన్ను పీకడానికి మత్తుసూది వేస్తే చెంప ఎలా ఉంటుంది? చెంప ఉంటుంది, గిల్లితే తెలీదు. మనిషంతా అలా అయిపోయింది.

చానల్ వాళ్ళు వచ్చి కూర్చున్నారు. బామ్మ వేషానికి కొత్తావిడను చూశాం, సగం తీసిన ఆ సీను అవతల పారేసి మళ్ళీ మొదట్నుంచీ తీయండి అన్నారు. డైరెక్టరు మొండిఘటం, ఒప్పుకోలేదు.

“ఆవిడ ఆఖరిసారి చేసిన సీను అది. డూప్‌ని కూర్చోబెట్టి వీపు మీంచి తీస్తాను. దీనికీ దానికీ అతికితే సీను ఉంటుంది. అతక్కపోతే మీ ఇష్టం.”

“ఒక్క వస్తువు చోటు తప్పి గెంతినా ఒప్పుకోం.”

“అమ్మాయ్, విన్నావా?” అన్నాడు డైరెక్టరు.

“విన్నానండి,” అంది కంటిన్యూటీ.

మూడో ఫ్లోరులోని ఆ గదికి చుట్టూ తాడు కట్టారు. సగంలో ఆగిన సెట్టు మీద చీపురుపుల్ల కూడా కదపకూడదు. ‘హాట్ సెట్టు, ముట్టుకోవద్దు’ అని అట్ట వేలాడదీశారు. డైరెక్టరు చేతిలో వేరే ఎపిసోడ్లు ఉండడంతో ఆ షాటు వెనక్కీ వెనక్కీ జరిగింది. ఈలోగా మొదలైంది అసలు గొడవ.

రోజూ పొద్దున కంటిన్యూటీ వెళ్ళి చూస్తే, బల్ల మీద ఉండాల్సిన టీ గ్లాసు కిటికీ గట్టు మీద ఉండేది.

తీసి బల్ల మీద పెట్టేది. మర్నాడు మళ్ళీ గట్టు మీదే. అట్ట అలాగే ఉండేది, తాడు ముడి అలాగే ఉండేది. గ్లాసు మాత్రం...

“ఇక ఆ ఫ్లోరు జోలికి నేను పోను తల్లీ,” అన్నాడు కాపలా తాత. “పాత దెయ్యానికి తోడు దొరికింది.”

షాటు రేపనగా, ఆ రాత్రి కాపలా ఉండడానికి కంటిన్యూటీయే వచ్చింది. షాటు కాగానే సెట్టు విప్పేస్తారు, ఆ ఫ్లోరు ఇంకెవరికో ఇచ్చేశారు. రేపు తప్పితే అమ్మ ఆఖరి సీను చెత్తబుట్టలోకే. గ్లాసు తీసి బల్ల మీద పెట్టింది. కుర్చీ సరిచూసింది. ముందు తలుపుకు తాళం వేసి బయటి మెట్ల మీద కూర్చుంది. కాసేపటికి తాత దూరంగా నిలబడి తొంగిచూశాడు.

“భయం లేదా అమ్మా?”

“ఏమో తాతా.”

ఆమెకు నిజంగానే తెలీలేదు. భయం ఉండాల్సిన చోట తడుముకుంది... ఏమీ తగల్లేదు.

అప్పుడు వినపడింది — లోపల, కుర్చీ జరిగిన చప్పుడు.

తాత ముఖం పాలిపోయింది. “నాకు... బూట్లు కరుస్తున్నాయమ్మా. మార్చుకొస్తాను,” అన్నాడు. ఆ వేగానికి గాలి కూడా పక్కకు తప్పుకుంది.

కంటిన్యూటీ తాళం తీసింది. ఫోను వెలుగు నేలవైపు పట్టుకుని నడిచింది. ప్లైవుడ్డు వాసన. ఎండిన రంగు వాసన. కాళ్ళ కింద కేబుళ్ళు. తాడు దగ్గర ఆగింది. వెలుగు మెల్లగా పైకెత్తింది.

కుర్చీలో ఎవరో కూర్చుని ఉన్నారు.

వీపు ఇటు. ముఖం కిటికీవైపు. నెరిసిన ముడి. అమ్మ కప్పుకున్న శాలువా — ఆ రోజుది, అంచు దగ్గర చిన్న చిరుగున్నది.

ఎవరైనా కెవ్వుమనేవాళ్ళు. కొమ్ములు తిరిగిన మగాళ్ళు మూర్ఛపోయేవాళ్ళు. ఆమె మాత్రం వృత్తి కొద్దీ చూసింది. చూసి, నెమ్మదిగా అంది...

“శాలువా ఎడం భుజం మీద.”

కుర్చీలోని చెయ్యి లేచింది. శాలువా ఎడం భుజం మీదికి మారింది.

“తల కొంచెం కిందికి.”

తల వంగింది.

“అంత కాదు... ఆఁ. కుడి భుజం వదిలెయ్. బరువు మోసి వచ్చినట్టు.”

కుడి భుజం జారింది. ఇక తేడా లేదు. మెడ మీద ఎముక దగ్గర్నుంచి ముడిలో ఊడిన వెంట్రుక దాకా అమ్మే. కంటిన్యూటీ తాడు ఇవతలే నేల మీద కూర్చుంది.

“అమ్మా,” అంది.

వీపు ఊపిరికి చిన్నగా లేచి పడుతోంది.

“అమ్మా... ఇటు తిరగవా?”

కుర్చీలోంచి గుసగుసగా ఒక గొంతు —

“తిరక్కూడదు కదా తల్లీ. ముఖం కనిపించకూడదని చెప్పారు.”

అది అమ్మ గొంతు కాదు.

“ఎవరు?”

“డూప్‌నమ్మా. రేపటి షాటుకి పిలిచారుగా. తిరగమంటే తిరుగుతా.”

తిరిగింది. ముడతలు పడ్డ ముఖం, ఎవరికీ గుర్తుండని ముఖం. పళ్ళూడిన నవ్వు నవ్వింది. “ఇప్పటికి ఎన్ని వందల సినిమాల్లో ఉన్నానో, మా ఇంటాయనకు ఒక్కదాంట్లోనూ కనిపించలేదు. ఏ సినిమాకెళ్ళినా ‘ఏదే నువ్వు?’ అంటాడు. ‘అదిగో, ఆ వీపు’ అంటా.”

కంటిన్యూటీ నవ్వలేదు. సెట్టు మీదున్న బల్లదీపం వేసింది. “తాళం వేసుంటే లోపలికెలా వచ్చారు పెద్దమ్మా?”

“కాస్ట్యూమ్ గదిలోంచి వెనక తలుపుంది కదా. అక్కడి అన్న తాళం ఇస్తాడు. మీ అమ్మకూ ఆయనే ఇచ్చేవాడు.”

“మా అమ్మకా?”

డూప్ పెద్దమ్మ నాలిక కరుచుకుంది. నోరు జారిన మాట ఇక మింగితే పోదని తెలుసుకుంది కాబోలు, శాలువా సవరించుకుని చెప్పింది.

“నీకు చెప్పనని మాటిచ్చాను. ఇక దాచి ఎవరికి పెట్టను? ఆవిడకు ఏడాదిగా జ్ఞాపకం నిలవట్లేదమ్మా. మాట గుర్తుంటే చెయ్యి మర్చిపోయేది, చెయ్యి గుర్తుంటే నడక మర్చిపోయేది. అందుకే రాత్రుళ్ళు ఇక్కడికొచ్చి సాధకం చేసేది. నేను ఎదురుగా కోడలై కూర్చునేదాన్ని. కర్ర పట్టుకుని నడిచేది, మర్చిపోయేది, మళ్ళీ మొదట్నుంచీ నడిచేది.”

“రాత్రుళ్ళా? నాతోనే కదా ఇంటికొచ్చేది!”

“నువ్వు ఎడిటింగ్ గదిలో కూర్చున్నంతసేపూ ‘మేకప్ గదిలో నడుం వాలుస్తాను, వెళ్ళేటప్పుడు లేపు’ అనేది కాదూ? ఆవిడ ఏనాడు పడుకుంది గనక.”

లేపడానికి వెళ్ళినప్పుడల్లా అమ్మ కళ్ళు ఎర్రగా ఉండడం, ‘పడుకున్నా నిద్ర తీరలేదా?’ అని తను విసుక్కోవడం... ఎవరికో జరిగినట్టు కంటిన్యూటీకి గుర్తొచ్చింది.

“ఎందుకు చెప్పలేదు నాకు?”

“నీకు చెబితే మాన్పించేస్తావు. వేషం పోతే పోయింది, నువ్వు తప్పు పట్టినప్పుడు నలుగురూ నవ్వుతారు కదా, అదే బాధ... నీ మీద కోపం కాదమ్మా. ‘నా వల్ల దానికి పని పెరుగుతోందే’ అనేది.”

ఊరంతటినీ వణికించిన దెయ్యం సంగతి అదీ! తాటిచెట్టంత పొడుగూ లేదు, పాడుబావీ లేదు. మోకాళ్ళ నొప్పులున్న ఒక ముసలావిడ, కూతురి చేత మాట పడకూడదని చీకట్లో గ్లాసు ఎక్కడ పెట్టాలో నేర్చుకోవడం. కథ ఇక్కడితో అయిపోతే హాయిగా ఇంటికెళ్ళి పడుకోవచ్చు.

కంటిన్యూటీ కూడా అలాగే లేచింది.

“సరే పెద్దమ్మా. రేపు ఇప్పటిలాగే కూర్చోండి. గ్లాసు మాత్రం ముట్టుకోకండి. ఇన్నాళ్ళూ మీరు రోజూ కిటికీ మీద పెట్టి పోతుంటే, నేను రోజూ తెచ్చి బల్ల మీద పెట్టుకుంటున్నాను.”

“నేనా? రోజూనా?” డూప్ పెద్దమ్మ వింతగా చూసింది. “ఆవిడ పోయాక ఈ గడప తొక్కడం ఇదే మొదలు తల్లీ. ధైర్యం చాల్లేదు. రేపు షాటని తప్పక వచ్చాను.”

“మరి గ్లాసు...”

ఇద్దరూ ఒకేసారి తల తిప్పారు.

గ్లాసు కిటికీ గట్టు మీద ఉంది.

“కుర్చీలో కూర్చోవడమే, గ్లాసు నేను ముట్టుకోలేదమ్మా. హాట్ సెట్టు కదా, నాకు తెలీదా? నేను వచ్చేసరికే అక్కడుంది,” అంది డూప్ పెద్దమ్మ. అంటూనే కుర్చీలోంచి మెల్లగా లేచి, కంటిన్యూటీ పక్కకు వచ్చి నిలబడింది.

తాళం వేసేముందు కంటిన్యూటీయే తన చేత్తో దాన్ని బల్ల మీద పెట్టింది. ఆ చల్లదనం ఇంకా వేళ్ళకు తెలుస్తోంది. కంటిన్యూటీ గట్టుదాకా వెళ్ళింది. గ్లాసు తీయబోయి... ఆగింది. ఫోను తీసి ఎడిటరుకు చేసింది. ఎడిటర్లకు రాత్రీ పగలూ ఉండవు, మొదటి మోతకే ఎత్తాడు.

“అన్నయ్యా, అమ్మ ఆఖరి సీను... గ్లాసు ఎక్కడుంది?”

“నువ్వడుగుతున్నావా నన్ను? సూర్యుడొచ్చి ‘తూర్పెటు’ అన్నట్టుంది.”

“చెప్పన్నయ్యా.”

ఏదో తట్టినట్టు అతని గొంతు తగ్గింది. “ఉండు, ఫ్రేమ్ పంపుతా.”

ఫోనులో బొమ్మ వచ్చింది. అమ్మ ముఖం. పక్కన గ్లాసు... కిటికీ గట్టు మీద.

“ఇది మొదటి టేకు కదన్నయ్యా. తప్పు టేకు. రెండోదాంట్లో బల్ల మీద పెట్టింది.”

“రెండోదాంట్లో ఆవిడ ముఖంలో ప్రాణం లేదమ్మా. మొదటిదే ఉంచమన్నారు డైరెక్టరుగారు. మేకప్ గది గుమ్మంలో, నీ ఎదురుగానే చెప్పారు... ఆవిణ్ణి బండి ఎక్కిస్తున్నప్పుడు. నువ్వు తలూపావు కూడా.”

ఆమెకు ఆ తలూపు గుర్తులేదు. ఈగల్ని గుర్తుపెట్టుకునే మనిషికి ఆ సాయంత్రమే లేదు. తీసేశారు ఎవరో, కత్తిరించినట్టు.

రేపు తన మాట మీద గ్లాసు బల్ల మీదే ఉండి షాటు తీసి ఉంటే... సెట్టు విప్పేశాక ఎడిటింగ్ గదిలో తెలిసేది. అప్పటికి కుర్చీ కూడా ఉండేది కాదు.

మర్నాడు ఆ రెండు ముక్కలూ గాజుకి గాజు అతికినట్టు అతికాయనీ, చానల్ పెద్దలు భూతద్దం పెట్టి వెతికినా అతుకు దొరకలేదనీ, ఆ రాత్రి సీరియలు చూసి ఇళ్ళల్లో వంటలు మాడిపోయాయనీ ఇప్పటికీ చెప్పుకుంటారు. అదంతా మర్నాటి మాట. ఆ రాత్రి మాత్రం కంటిన్యూటీ ఏడవలేదు. చెయ్యి వెనక్కి తీసుకుంది. గ్లాసుని అక్కడే వదిలేసింది.

“పదండి పెద్దమ్మా. వెళ్దాం.”

డూప్ పెద్దమ్మకు రెండోసారి చెప్పనవసరం లేకపోయింది. శాలువా విప్పి, మడతపెట్టి కుర్చీ చేతి మీద ఉంచి బయటకు నడిచింది. వెనక్కి తిరిగి చూస్తే బల్లదీపం ఇంకా వెలుగుతోంది.

“దీపం ఉంచేశావేం తల్లీ?”

కంటిన్యూటీ తలుపు దగ్గరగా వేసింది. తాళం వెయ్యలేదు.

“అమ్మకి చీకట్లో కళ్ళు ఆనవు పెద్దమ్మా,” అంది.